మనీలాలో నర్సుల ఏజెన్సీ: మా మరదలి ఫైలుతో నాలుగు నెలలు

మాది గుంటూరు. పదకొండేళ్లుగా మనీలాలో ఉంటున్నాను, మకాటిలో ఒక కాల్ సెంటర్‌కి నెట్‌వర్క్ పని చూస్తాను. మా ఆవిడది ఫిలిప్పీన్స్‌లోనే ఇలోయిలో అనే ఊరు. ఆవిడ చెల్లెలు, అంటే నా మరదలు, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ అక్కడే చదివి 2024 నవంబర్లో నర్సు లైసెన్సు ఇచ్చే బోర్డు పరీక్ష పాసైంది. పైదేశం ఉద్యోగం కోసం తనతో కలిసి ఏజెన్సీల చుట్టూ తిరిగింది నేనే. ఈ రివ్యూ అందులో మలాటే ప్రాంతంలోని ఒక ఏజెన్సీ గురించి. 5కి 3.5 ఇస్తున్నాను. మరదలి ఫైలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

ఇక్కడ బోర్డు పరీక్ష రెండు రోజులు జరుగుతుంది. ఐదు పేపర్లు, ఒక్కోటీ వంద ప్రశ్నలు. సగటు 75 శాతం రావాలి, ఏ పేపర్లోనూ 60కి తగ్గకూడదు. రిజల్ట్ వచ్చిన రాత్రి అత్తగారింట్లో పాన్సిట్ (ఇక్కడి నూడుల్స్) వండి వీధి వీధంతా పెట్టారు. వచ్చిన ప్రతివాళ్లూ అడిగింది ఒకటే, "ఏ దేశం?" అని. ఏ ఆసుపత్రి అని ఒక్కరూ అడగలేదు. అత్తగారి ఫోన్లో ఒక ఫొటో ఎప్పటినుంచో ఉంది. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీలో మార్గరెట్ కీనన్ అనే పెద్దావిడకి కోవిడ్ టీకా వేస్తున్న మే పార్సన్స్ ఫొటో. ట్రయల్స్ అయ్యాక వేసిన మొదటి ఫైజర్ టీకా అది, వేసింది ఫిలిప్పీన్స్ నర్సు. ఆ ఫొటో ఆవిడ అందరికీ చూపించారు. ఆ ఇంట్లో ఆ ఫొటోకి ఎంత బరువుందో నాకు ఆ రాత్రే అర్థమైంది.

జీతాల సంగతి చెబితే ఆ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. మరదలికి ఇలోయిలోలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇస్తామన్నది నెలకు 16 వేల పెసోలు. మన డబ్బుల్లో పాతిక వేల లోపే. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే నర్సుకి సర్కారు జీతాల పట్టీలో గ్రేడ్ 15 జీతం ఇవ్వాలని 2002 నర్సింగ్ చట్టంలోనే రాశారు. అది చెల్లుతుందని 2019లో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పేదాకా నర్సులకు అందలేదు. ఇప్పుడది సుమారు 40 వేల పెసోలు. కానీ ఆ పోస్టు దొరకడం చాలా కష్టం.

ఫిబ్రవరిలో మరదలు మనీలా వచ్చింది. ముందు వెళ్లింది వేరే ఏజెన్సీకి. రెండో అంతస్తు, ఏసీ గది, గోడ నిండా లండన్ ఫొటోలు. ఫైలు తెరవకుండానే, మేం చెప్పిన కోచింగ్ సెంటర్లో చేరితే సీటు రిజర్వ్ చేస్తాం, 25 వేల పెసోలు కట్టండి అన్నారు. బ్రిటన్ వెళ్లే నర్సు దగ్గర ప్లేస్‌మెంట్ ఫీజు, అంటే ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు, తీసుకోకూడదు. ఫీజు తీసుకోవచ్చన్న దేశాల విషయంలో కూడా ఫిలిప్పీన్స్ నియమాల ప్రకారం ఒక నెల జీతమే హద్దు. అందుకే కోచింగ్ పేరు పెట్టి అడుగుతారు. రసీదు మీద ఏమని రాసిస్తారు అని అడిగితే ఆ అమ్మాయి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. మేం లేచి వచ్చేశాం.

కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర వాళ్లదే పోస్టర్ ఉంటే ఆగి చదివాను. పైన పెద్ద అక్షరాల్లో "బ్రిటన్‌కి నర్సులు కావలెను, అనుభవం లేకపోయినా సరే". అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "మ్యాన్‌పవర్ పూలింగ్ కోసం మాత్రమే, ఎలాంటి ఫీజూ వసూలు చేయబడదు". పూలింగ్ అంటే ఉద్యోగం ఇంకా లేదని, వస్తే పిలవడానికి పేర్లు రాసుకుంటున్నామని. ఆ మాట వేయాలని ప్రభుత్వ నియమం ఉంది కాబట్టి వేశారు. అదే కాగితం వేలాడుతున్న ఆఫీసులో 25 వేలు అడిగారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మరదలు ఆ పోస్టర్‌ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదువుకుంది, ఏమీ మాట్లాడలేదు.

ఇక అసలు ఏజెన్సీ. పాత బిల్డింగు, ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్ నంబర్లు. అందరి చేతుల్లోనూ పొడుగాటి గోధుమరంగు కవర్లు. ఎండకి చెమటపట్టి కవరు మెత్తబడుతుందని మరదలు తన కవరుకి ప్లాస్టిక్ తొడుగు కూడా వేసుకొచ్చింది. కౌంటర్లో యాభై దాటిన ఒకావిడ. జెద్దాలో చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చిందట. ఈ ఏజెన్సీకి నేనిచ్చిన 3.5లో సగానికి పైగా ఆవిడ ఒక్కదానికే.

ఆవిడ రెజ్యూమె తీసుకుని ముందు పేజీ చూడకుండా నేరుగా అనుభవం ఉన్న పేజీకి వెళ్లింది. కాలేజీలో వార్డుల్లో చేసిన క్లినికల్ గంటలన్నీ మరదలు అక్కడ వరసగా రాసింది, మూడు ఆసుపత్రుల పేర్లతో. ఆవిడ ఎర్ర పెన్ను తీసి ఆ వరసల మీద నిదానంగా ఒక గీత గీసింది. "ఇది చదువు లెక్క. నీ లైసెన్సు మీద, నీ సంతకంతో ఎంతమంది పేషెంట్లని చూశావు?" అని అడిగింది. మరదలు "ఇంకా ఎవరినీ చూడలేదు" అంది. ఆవిడ పక్కన సున్నా వేసి, చుట్టూ గుండ్రంగా గీసి, కాగితాన్ని మరదలి వైపు తిప్పింది. మరదలి మొహం చిన్నబోయింది. నాకూ కష్టంగానే అనిపించింది. కానీ మేం కలిసిన వాళ్లలో నిజం చెప్పింది ఆవిడే.

తర్వాత దాదాపు నలభై నిమిషాలు, వెనక టోకెన్లు ఆగిపోయినా, దేశం దేశం విడమరిచి చెప్పింది. కొత్తగా పాసైన వాళ్లకు ఇది పనికొస్తుంది కాబట్టి గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

సౌదీ, దుబాయ్ లాంటి చోట్ల ఎక్కువగా రెండేళ్లు బెడ్‌సైడ్ అనుభవం, అంటే వార్డులో పేషెంట్ల దగ్గర చేసిన పని, అడుగుతారు. అది కూడా మరీ చిన్న ఆసుపత్రిలో చేసింది అయితే పట్టించుకోరు, వంద పడకలకు తగ్గకుండా చూసుకో అంది.

బ్రిటన్ సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 2019లోనే ఏడాది అనుభవం ఉండాలన్న నియమం తీసేసింది. కంప్యూటర్ పరీక్ష, తర్వాత అక్కడికి వెళ్లి పది స్టేషన్ల ప్రాక్టికల్ పరీక్ష పాసైతే రిజిస్ట్రేషన్ ఇస్తారు. పోస్టర్లలో "అనుభవం అక్కర్లేదు" అని రాసేది దీన్ని పట్టుకునే. "రిజిస్ట్రేషన్ ఇచ్చే వాళ్లు అడగరు, ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి అడుగుతుంది" అని ఆవిడ ఒక్క మాటలో తేల్చింది. పైగా ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులు, అంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు, కోవిడ్ తర్వాత రెండు మూడేళ్లు తీసుకున్నంత మందిని ఇప్పుడు బయటినుంచి తీసుకోవడం లేదు. మనుషులు ఎక్కువై ఖాళీలు తగ్గినప్పుడు ముందు పక్కన పెట్టేది సున్నా ఉన్న కాగితాన్నే.

జర్మనీకి ట్రిపుల్ విన్ అని 2013 నుంచి రెండు ప్రభుత్వాల మధ్య నడుస్తున్న పథకం ఉంది. దానికి ఏజెన్సీ అవసరం లేదు, డబ్బు కట్టక్కర్లేదు. జర్మన్ భాష బీ1 అనే మధ్య స్థాయి దాకా ఇక్కడే నేర్పుతారు. అక్కడికి వెళ్లాక ఇక్కడి చదువుకి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతం, వచ్చాక నర్సు జీతం. ఈ విషయం ఒక ప్రైవేటు ఏజెన్సీ కౌంటర్లో కూర్చున్న మనిషి మాకు చెప్పింది. మేం అటు వెళ్తే వాళ్లకు పైసా రాదు. జపాన్‌కి నర్సుగా వెళ్లాలంటే మూడేళ్ల అనుభవం కావాలి, వెళ్లాక అక్కడి జాతీయ పరీక్ష జపనీస్‌లోనే రాయాలి అని ఆ దారి గురించి రెండు ముక్కల్లో ముగించింది.

అమెరికా దగ్గర మాత్రం మరదలి కళ్లు వెలిగాయి. అక్కడి నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షకి అనుభవం అక్కర్లేదు. 2007 నుంచి మనీలాలోనే రాయొచ్చు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150, పైన పన్ను. పాసయ్యాక గ్రీన్‌కార్డు వరస ఉంటుంది. ఇక్కడ నేను మా చిన్నాన్న కూతురి గురించి చెప్పాలి. తను హైదరాబాద్‌లో ఐసీయూ నర్సు, ఎన్‌క్లెక్స్ అక్కడే రాసి పాసైంది. పరీక్ష అదే, ఉద్యోగం అదే. 2025లో నేను అమెరికా వీసా బులెటిన్ (ఏ తేదీన దరఖాస్తు పెట్టిన వాళ్ల వంతు వచ్చిందో చెప్పే పట్టిక) చూసినప్పుడు ఫిలిప్పీన్స్ నర్సుల వరస రెండు మూడేళ్ల వెనక నడుస్తోంది, భారతీయులది 2013 దగ్గర పాకుతోంది. అది విని మరదలు ఫోన్లో మా చెల్లితో మాట్లాడతానంది. ఇద్దరూ గంటసేపు వెంటిలేటర్ల గురించి మాట్లాడుకున్నారు. వీసా ఊసే రాలేదు.

ఇంత మంచి చెప్పాక 5కి 5 ఎందుకు ఇవ్వలేదంటే, కౌంటర్ దాటాక పని నడిచిన తీరు బాగోలేదు. సున్నా ఉన్నా సరే, బ్రిటన్‌లో ఒక కేర్ గ్రూపు కొత్త వాళ్లని చూస్తోంది, ఇంటర్వ్యూ పెడతాం అని మార్చిలో మెయిల్ పంపారు. ఆ మాట నమ్మి మరదలు ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షకి ఫీజు కట్టి, రాసి, పాసైంది. ఇంటర్వ్యూ మూడుసార్లు వాయిదా పడింది. మూడోసారి మేమిద్దరం రాత్రి తొమ్మిదిదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం, తను తెల్ల యూనిఫాం వేసుకుని మరీ. లింకు తెరుచుకోలేదు. పదిన్నరకి "రీషెడ్యూల్డ్" అని ఒకే ఒక్క పదం మెసేజ్. ఆ తర్వాత మూడు వారాలు నా మెయిల్స్‌కి జవాబు లేదు. ఫైలు చూసే అబ్బాయి మానేశాడట, కొత్తగా వచ్చిన వాడికి మా కేసే తెలియదు. మే నెలలో రద్దు అని చెప్పారు. ఆ నాలుగు నెలల టెన్షన్‌లో మరదలు నాలుగు కిలోలు తగ్గింది.

ఓఈటీ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఇప్పుడు తను ఆసుపత్రిలో చేరి ఏడాది పూర్తి చేసేసరికి అందులో సగం పైగా అయిపోతుంది. ముందు ఉద్యోగంలో చేరి, ఎనిమిది తొమ్మిది నెలలు గడిచాక రాసి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇంటర్వ్యూ తేదీ చేతికి రాకుండా ఇంగ్లిష్ పరీక్ష రాయొద్దని మాకు ఎవరూ చెప్పలేదు. నేనే కనుక్కుని ఉండాల్సింది. ఈ ఒక్కదానికి ఏజెన్సీకి ఒక మార్కు మొత్తం తీసేశాను, మిగతా అర మార్కు జవాబివ్వని మెయిల్స్‌కి.

మంచిది ఇంకొకటి కూడా చెప్పాలి. వీళ్లు ఒక్క పెసో కూడా తీసుకోలేదు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఉంచుకోలేదు, చూసి అప్పటికప్పుడు తిరిగి ఇచ్చేశారు. లైసెన్సు నంబర్ గుమ్మం పక్కనే పెట్టారు. అది సరిచూడటం కూడా తేలికే. వలస కార్మికుల శాఖ, అదే డీఎండబ్ల్యూ, సైట్లో ఏజెన్సీ లైసెన్సు బతికి ఉందో లేదో కనిపిస్తుంది. ఇంకా ముఖ్యంగా, ఏ దేశానికి ఎంతమంది నర్సుల కోసం ఆ ఏజెన్సీకి అనుమతి ఉందో కూడా కనిపిస్తుంది. లైసెన్సు ఉండి నర్సుల ఆర్డరు లేకపోతే అది పూలింగే. సైట్ అర్థం కాకపోతే ఓర్టిగాస్‌లో ఎడ్సా రోడ్డు మూల మీదున్న వాళ్ల ఆఫీసుకే వెళ్లి అడగొచ్చు. మేం వెళ్లాం. జవాబు ఓపిగ్గా చెప్పారు.

మన ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్దామనుకునే నర్సమ్మలు ఇది చదువుతుంటే ఒక్క మాట. మనకు 2015 నుంచి నియమం వేరు. సౌదీ, కువైట్ లాంటి ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) దేశాలకు నర్సులను పంపేది ప్రభుత్వ సంస్థలే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. ప్రైవేటు ఏజెంటు ఎవరైనా కువైట్ నర్సు వీసా అని లక్షల్లో అడిగితే ముందు అక్కడ అడగండి.

మరదలు జూన్‌లో ఇలోయిలో వెళ్లిపోయింది. 16 వేల పెసోల ఆసుపత్రి వద్దనుకుని, జీతం ఇంకో వెయ్యి తక్కువైనా 150 పడకలున్న దాంట్లో చేరింది. మెడికల్ వార్డు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. కౌంటర్లో ఆవిడ చివర్లో ఒక చిన్న కాగితం మీద రాసిచ్చింది, అనుభవం సర్టిఫికెట్లో ఏమేం ఉండాలో: చేరిన తేదీ, వార్డు పేరు, పడకల సంఖ్య, ఒక షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లు, ఫుల్ టైమ్ అన్న మాట. మరదలు ఆ కాగితాన్ని ఐడీ కార్డు వెనక పెట్టుకుంది. నెల నిండిన ప్రతిసారీ నాకూ వాళ్ల అక్కకీ మెసేజ్ పెడుతుంది. నిన్న పొద్దున డ్యూటీ దిగి బస్సులోంచి పంపింది, "కుయా (అన్నయ్యా), ఐదు నెలలు అయ్యాయి. రాత్రి పన్నెండు మంది పేషెంట్లు, అందరూ బాగున్నారు" అని.