విన్యో వెర్డె, అల్బరీన్యో: చేపల పక్కన ఏది మేలు?

మిన్యో నది సముద్రంలో కలిసే ముందు కొంత దూరం పోర్చుగల్‌కీ స్పెయిన్‌కీ సరిహద్దుగా పారుతుంది. నదికి దక్షిణాన, పోర్చుగల్ వైపు, విన్యో వెర్డె అనే వైన్ తయారవుతుంది, ఉత్తరాన స్పెయిన్ వైపు గలీసియాలోని రియాస్ బైషాస్ ప్రాంతంలో అల్బరీన్యో అనే వైన్. ఇటూ అటూ అట్లాంటిక్ వానలే, గ్రానైట్ నేలే. తేమకి తెగులు పట్టకుండా తీగల్ని పందిళ్ల మీదకి ఎక్కించే పద్ధతి కూడా రెండు వైపులా ఉంది. అయినా గ్లాసులోకి వచ్చేసరికి రెండూ వేరే.

విన్యో వెర్డె తేలిక. 1908లోనే అది తయారయ్యే ప్రాంతానికి హద్దులు గీశారు. లౌరెయిరు, అరింటు, త్రజదూర లాంటి ద్రాక్షల్ని కలిపి చేస్తారు. ఆల్కహాల్ మామూలుగా 9 నుంచి 11.5 శాతం, పులుపు గట్టిగా ఉంటుంది, నాలుక మీద సన్నటి బుడగలు. ఆ బుడగలు ఒకప్పుడు సీసాలోనే పుట్టేవి. ఇప్పుడు చౌక రకాల్లో చాలావాటికి గ్యాస్ బయటి నుంచి కలుపుతారు. అది మోసమేమీ కాదు గానీ, తెలిసి కొనడం మంచిది. విదేశాలకు పంపే చౌక సీసాల్లో కొన్ని కాస్త తియ్యగా కూడా ఉంటాయి.

రియాస్ బైషాస్‌కి 1988లో అధికారిక గుర్తింపు వచ్చింది. అక్కడి తోటల్లో 90 శాతానికి పైగా అల్బరీన్యో ద్రాక్షే. ఆల్కహాల్ 12 నుంచి 13.5 శాతం దాకా వెళ్తుంది. పీచ్, నిమ్మతొక్క వాసన, చివర్లో చిన్న ఉప్పదనం. ధర కూడా ఎక్కువే.

తిండి దగ్గరే అసలు తేడా. జూన్ 23 రాత్రి పోర్చుగల్ నగరం పోర్టోలో సావ్ జువావ్ పండగ. వీధుల్లోనే సార్డిన్ చేపలు బొగ్గుల మీద కాలుస్తారు. నూనె ఓడే ఆ చేపకి విన్యో వెర్డె సరిజోడు: పులుపు జిడ్డుని కోస్తుంది, బుడగలు నోరు కడుగుతాయి. వేపుళ్లకీ ఇదే లెక్క. అల్బరీన్యోని సార్డిన్ పక్కన పెడితే దాని సువాసన పొగలో కొట్టుకుపోతుంది, డబ్బు దండగ. దానికి కావలసింది పీతలు, స్కాలప్ అనే గుల్లలు, గలీసియా సముద్రపాయల్లో తెప్పలకి వేలాడదీసి పెంచే ఆలిచిప్పలు, అదీ ఉప్పు నీళ్లలో ఉడికించడం తప్ప మసాలా ఏమీ పట్టించకుండా. ఆ తీపి మాంసానికి కొంచెం బరువున్న వైనే నిలబడుతుంది.

మన వంట సంగతేమిటి? ఆల్కహాల్ పెరిగేకొద్దీ కారం మంట పెరుగుతుంది. కాబట్టి గుంటూరు కారం పట్టించిన రొయ్యల వేపుడుకి అల్బరీన్యో కంటే కాస్త తీపి ఉన్న విన్యో వెర్డె నయం. బుడగలు మరీ ఎక్కువుంటే మాత్రం అవీ మంటని రేపుతాయి. వంజరం ముక్కలు అల్లం వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసంతో పెనం మీద కాలిస్తే అల్బరీన్యోనే తీసుకుంటాను. చేపల పులుసుకి రెండూ అంతంతమాత్రమే: చింతపండు ముందు ఏ వైనైనా చప్పబడుతుంది. గోంగూరకైతే ప్రయత్నమే వద్దు, మజ్జిగ ఇవ్వండి.

రెండింటిలో ఒకటే కొనాలంటే రోజువారీ తిండికి నా ఓటు విన్యో వెర్డెకే. కానీ మూడో దారి ఒకటుంది, జనం తక్కువగా పట్టించుకునేది: పోర్చుగల్ వైపే, మొన్‌సావ్, మెల్గాసు ఊళ్ల అల్వరీన్యు. ద్రాక్ష అదే అల్బరీన్యో. కొండలు సముద్రపు గాలిని అడ్డుకోవడంతో అక్కడ పండు బాగా పండుతుంది, వైన్‌కి బరువు వస్తుంది. లేబుల్ మీద ఆ ఊళ్ల పేర్లు కనిపిస్తే పీతలకీ వంజరానికీ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

కొనేముందు పంట ఏడాది చూడండి. మామూలు విన్యో వెర్డె ఏడాది, రెండేళ్లలో తాగేయాలి. మంచి అల్బరీన్యో, అల్వరీన్యు అయితే నాలుగైదేళ్లు హాయిగా ఆగుతాయి. మొదటిది ఫ్రిజ్‌లోంచి నేరుగా పోయండి, ఈ రెండూ మాత్రం పావుగంట బయట ఉంచాక.