అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం: పాత పుస్తకం వెదికేవారి కోసం

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నేను వెళ్ళేది ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకని పుస్తకాల కోసం. ఈ సమీక్ష కూడా ఆ అవసరం ఉన్న పాఠకులకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పాత నగరవాసులు దీనిని నేటికీ ఆసఫియా లైబ్రరీ అనే అంటారు. నవాబ్ ఇమాదుల్ ముల్క్‌గా ప్రసిద్ధుడైన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో ఆబిడ్స్‌లో మొదలైన కుతుబ్‌ఖానా ఆసఫియా, అరబీ, ఫార్సీ, ఉర్దూ గ్రంథాల నిధిగా పేరు తెచ్చుకున్నది. 1908 వరద తరువాత మూసీకి ఆవల హైకోర్టు, ఈవల ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. ఆ వరుసలోనే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1932లో ఈ భవనానికి శంకుస్థాపన జరిగి, 1936 నాటికి నిర్మాణం పూర్తయింది. హైదరాబాదు రాష్ట్రం 1955లో గ్రంథాలయ చట్టం చేసుకున్న దరిమిలా ఇది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. మద్రాసు రాష్ట్రం 1948లోనే అటువంటి చట్టం చేసింది కనుక, తెలుగువారి రెండు ప్రాంతాలూ గ్రంథాలయాన్ని ప్రభుత్వ బాధ్యతగా ముందుగానే గుర్తించాయని చెప్పవచ్చు. ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఎత్తైన పైకప్పు, విశాలమైన పఠన మందిరం చూడగానే మనసు నెమ్మదిస్తుంది. దినపత్రికలు, వారపత్రికలు చదువుకునేవారితో పాటు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు ఇక్కడ పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. గ్రంథాలయం ఒక స్టడీ హాలుగా మారిపోయిందని కొందరు పరిశోధకులు నొచ్చుకుంటారు గానీ, ఇరుకు గదుల్లో అద్దెకుండే పిల్లలకు ఉచితంగా కూర్చునే చోటు దొరకడం చిన్న సేవ కాదని నా అభిప్రాయం.

తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు ఒకే కప్పు కింద ఉండటమే దీని అసలు బలం. నిజాం కాలంలో పాలన, చదువు ఉర్దూలో సాగినందున, తెలంగాణ చరిత్ర రాయదలచినవారు తెలుగు పుస్తకాలతో సరిపెట్టుకోలేరు. ఉర్దూ చదవగల మిత్రుడిని వెంటబెట్టుకుని వెళితే ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి. వెళ్ళేటప్పుడు గ్రంథకర్త పేరు, ముద్రణ సంవత్సరం, ప్రచురణ సంస్థ రాసుకుని వెళ్ళండి. పాత కాగితం ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది, జిరాక్స్ యంత్రం కింద నొక్కితే పుస్తకమే పోతుంది. కాబట్టి నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళి చేత్తో రాసుకోవడం మేలు. మరో ఊరి గ్రంథాలయంలో పాత సంచికలను తాళ్ళతో కట్టి మూలన పడవేసిన దృశ్యం చూసి వచ్చాక ఈ జాగ్రత్త విలువ నాకు బాగా తెలిసింది.

చేతిరాత ప్రతుల కోసం మాత్రం ఇక్కడికి రావద్దు. ఆసఫియా సేకరించిన ఆ సంపద 1975లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తరలిపోయింది. అది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. దూరదేశాల్లో ఉన్న తెలుగువారు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలను ముందుగా అంతర్జాలంలో వెదికి, అక్కడ దొరకనివాటి జాబితాతో ఇక్కడికి వస్తే ప్రయాణం వృథా కాదు.