పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్

ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా చూసి మార్చగలిగేలా కోడ్ బయటపెట్టిన ప్రాజెక్టుల్లో, కోడ్ రాయాలని ఆశపడి, ప్రాజెక్టును తమ మెషిన్‌లో ఎక్కించుకునేటప్పుడే విసిగి వదిలేసినవాళ్లు మా అనంతపురంలో చాలామందే ఉన్నారు. నేను సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ట్యాలీ, పైథాన్ చెప్తాను. ధర్మవరం, కళ్యాణదుర్గం నుంచి బస్సెక్కి వచ్చే పిల్లల దగ్గర ఉండేది 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, రోజుకింత అని లెక్కగా వచ్చే ఫోన్ డేటా. అలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్; మన మెషిన్‌లో ఏమీ ఎక్కించకుండా బ్రౌజర్‌లోనే కోడ్ రాయనిచ్చే దాని సర్వీసు కోడ్‌స్పేసెస్. ఆ పిల్లలను దృష్టిలో పెట్టుకునే దీని మీద ఈ రివ్యూ రాస్తున్నా.

గిట్‌హబ్‌లో ప్రాజెక్టు పేజీకి వెళ్లి ‘కోడ్’ అనే పచ్చ బటన్ నొక్కి, కోడ్‌స్పేసెస్ ట్యాబ్‌లో కొత్తది మొదలుపెడితే బ్రౌజర్‌లోనే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. వెనకాల నడిచేది గిట్‌హబ్ వాళ్ల లైనక్స్ మెషిన్. అన్నిటికన్నా చిన్నది తీసుకున్నా 2 కోర్లు, 8 జీబీ ర్యామ్ వస్తాయి. రిపోజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు, పొట్టిగా రిపో) కాపీ అయ్యేదీ, దానికి కావాల్సిన లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, దిగేదీ అక్కడే కాబట్టి మన డేటా వాటికి ఖర్చవదు. నా దృష్టిలో దీని అసలు విలువ ఇదే.

నేను దీంట్లో చేసిన పని ఒకటి చెప్తాను. పొడవాటి వాక్యాన్ని కత్తిరించి చివర చుక్కలు పెట్టే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటుంది, వేరేవాళ్లది. అందులో తెలుగు కోతను సరిచేశాను. మనకు ‘స్త్రీ’ ఒకే అక్షరం. పైథాన్‌లో లెన్ (పొడవు) అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మూడో దాని తర్వాత కోత పడితే ‘స్త’ మిగులుతుంది. కోతకు ముందు పొల్లు ఉన్నా, తర్వాత పొల్లో గుణింతమో ఉన్నా, అక్షరం మొదటిదాకా వెనక్కి జరిగేలా నాలుగు లైన్లు రాసి, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఒక టెస్టు ‘స్త్రీ’తోనే పెట్టాను. ఆ లైబ్రరీ వాళ్ల రిపోలో రాసే అనుమతి మనకుండదు కదా, పుష్ చేసేటప్పుడు, అంటే మార్పులను గిట్‌హబ్‌కు పంపేటప్పుడు, కోడ్‌స్పేసే మన ఖాతాలో ఫోర్క్ (ఆ రిపోకు మన సొంత కాపీ) తయారుచేస్తుంది. కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే.

పుల్ రిక్వెస్ట్ (నా మార్పును తీసుకోమని పంపిన వినతి) చూసిన మెయింటెయినర్, అంటే ఆ లైబ్రరీ బాధ్యత చూసేవారు, కన్నడకూ ఇదే పనిచేస్తుందా అని అడిగారు. రాయదుర్గం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. పక్కన కూర్చుని ఒత్తులున్న మాటలు ఏరి ఇచ్చింది, టెస్టులన్నీ పాసయ్యాయి, మార్పు మెర్జ్ అయింది, అంటే అసలు లైబ్రరీలో కలిసిపోయింది. ఆ టెస్టులు ఆమె పేరుతోనే కమిట్ చేయించాను, అంటే ప్రాజెక్టు రికార్డులో ఎక్కించాను. అది చూసుకుని ఆ పిల్ల ఎంత సంబరపడిందో!

ఇక ఖర్చు. సొంత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు ఉచితం, అంటే 2 కోర్ల మెషిన్ మీద 60 గంటలు. 15 జీబీ స్టోరేజీ కూడా ఇస్తారు. కార్డు వివరాలు ఇవ్వకపోతే బిల్లు భయం లేదు, కోటా అయిపోతే మళ్లీ నెల దాకా ఆగుతుంది, అంతే. ముట్టుకోకుండా వదిలేస్తే మామూలుగా 30 నిమిషాలకు అదే ఆగిపోతుంది, కానీ ఆ అరగంటా మన కోటాలోంచే పోతుంది. పని అవగానే మీరే ఆపేయండి. ఆపినవి కూడా స్టోరేజీ తింటాయి. 30 రోజులు తెరవకపోతే మొత్తం చెరిపేస్తారు, పుష్ చేయని కోడ్‌తో సహా. కాబట్టి ఏ రోజు పని ఆ రోజు పుష్ చేయాల్సిందే.

నెట్ లేకపోతే మాత్రం ఏమీ చేయలేం. 16 జీబీ ర్యామ్, ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లకు దీని అవసరం పెద్దగా లేదు. డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషం దిద్దడానికైతే ఎవరికీ అక్కర్లేదు: గిట్‌హబ్‌లో లాగిన్ అయి, రిపో పేజీలో కీబోర్డు మీది చుక్క కీ నొక్కితే తేలికపాటి ఎడిటర్ తెరుచుకుంటుంది. దానికి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసి కోడ్ నడిపే చోటు) ఉండదు, కోటా నుంచి ఒక్క నిమిషం కూడా పోదు.