ఆరేళ్లుగా బస్సులో వింటున్న పాడ్‌కాస్ట్‌లు: ఏవి ఉంచుకున్నాను, ఏవి తీసేశాను

మాది విశాఖపట్నం. ఇల్లు గాజువాకలో, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా పొద్దున గంటా పావు పడుతుంది. సాయంత్రం ట్రాఫిక్‌ని బట్టి ఇంకాస్త ఎక్కువ. 2019లో వెబ్‌పేజీలు తయారుచేసే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ దారి పొడుగునా చెవిలో పాడ్‌కాస్ట్ నడుస్తూనే ఉంది. లాక్‌డౌన్‌లో బస్సు ఆగిపోతే గిన్నెలు తోముతూ విన్నాను. ఒక దశలో పద్దెనిమిది షోలు నా లిస్టులో ఉండేవి. ఇప్పుడు మూడే ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం నాతో ఉన్నది షాప్‌టాక్ షో, వెబ్‌సైట్ల తయారీ గురించిన షో. క్రిస్ కొయర్, డేవ్ రూపర్ట్ ఇద్దరూ కలిసి 2012 నుంచి చేస్తున్నారు. క్రిస్ అంటే సీఎస్ఎస్ (వెబ్‌పేజీ రూపు దిద్దే భాష) నేర్పే సీఎస్ఎస్ ట్రిక్స్ సైటు మొదలుపెట్టినాయన, బ్రౌజర్‌లోనే కోడ్ రాసి చూసుకునే కోడ్‌పెన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. పేజీలో భాగాలను అమర్చే ఫ్లెక్స్‌బాక్స్ పద్ధతి గైడ్ కోసం సీఎస్ఎస్ ట్రిక్స్ తెరవని ఫ్రంటెండ్ వాళ్లు, అంటే పేజీలో కంటికి కనిపించే భాగం చేసేవాళ్లు, మన దగ్గర తక్కువే. ఈ షోలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది వీళ్లు తెలియనిదాన్ని తెలియదని చెప్పే తీరు. శ్రోత ఒక ప్రశ్న పంపుతాడు, ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతారు, "ఇది నేనెప్పుడూ వాడలేదు" అని ఒకాయన ఒప్పుకుంటాడు, రెండో ఆయన ఊహించి చెబుతాడు, చివరికి ఇద్దరూ ఒక దారి పట్టుకుంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగ్‌లో ఎవరైనా ఏదైనా అడిగితే నాకు చెమటలు పట్టేవి. తెలియదంటే ఏమనుకుంటారో అన్న టెన్షన్‌తో ఏదో ఒకటి చెప్పేసి, ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకోవడానికి రాత్రిళ్లు కూర్చునేదాన్ని. అంత అనుభవం ఉన్నవాళ్లు వారం వారం తెలియదనడం వినీ వినీ ఒకరోజు కోడ్ రివ్యూలో (రాసిన కోడ్‌ని తోటివాళ్లు పరిశీలించేటప్పుడు) "నాకు తెలియదండీ, రేపటికి చూసి చెబుతాను" అన్నాను. మా లీడ్ సరేనన్నారు. అంతే. ఏ కోర్సులోనూ నాకు అది దొరకలేదు.

ఈ షో వల్ల మారింది ఇంకొకటి ఉంది. వెబ్‌సైట్‌లను అందరూ వాడగలిగేలా చేయాలన్న పట్టుదలతో డేవ్ 2013లో ఏ లెవెన్ వై (యాక్సెసిబిలిటీకి పొట్టి పేరు) ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. షోలో కూడా ఆ మాట తరచూ వస్తుంది. అప్పటిదాకా నేను డివ్‌కి (పేజీలో ఉత్త పెట్టెకి) క్లిక్ తగిలించి దాన్నే బటన్ అనుకునేదాన్ని. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. కీబోర్డులో ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్లేవాళ్లకు మాత్రం అది అందదు, చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని బటన్ అని చెప్పదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఈ రెండూ బ్రౌజరే చూసుకుంటుంది. ఇప్పుడు ఏ పేజీ ఇచ్చే ముందైనా మౌస్ పక్కన పెట్టి ఒకసారి మొత్తం తిరిగి చూస్తాను.

రెండోది సింటాక్స్, ఇదీ వెబ్ తయారీ గురించే. వెస్ బాస్, స్కాట్ టొలిన్‌స్కీ 2017లో మొదలుపెట్టారు, 2023లో సాఫ్ట్‌వేర్ లోపాలను పట్టిచ్చే సెంట్రీ సంస్థ గూటికి చేరారు. చిన్న ఎపిసోడ్ నాకు ఎన్ఏడీ నుంచి మద్దిలపాలెం వచ్చేలోపు అయిపోతుంది, పెద్దది దాదాపు దారంతా. శ్రోతల ప్రశ్నలతో చేసే పాట్‌లక్ ఎపిసోడ్లు నాకు బాగా ఇష్టం. ఇద్దరూ గడగడా మాట్లాడతారు. మొదటి రెండు నెలలు వేగం 0.8కి తగ్గించి విన్నాను. అర్థం కాని మాట వస్తే ఇంటికెళ్లి వాళ్ల సైటులో ట్రాన్‌స్క్రిప్ట్ వెతుక్కునే వీలు ఇప్పుడుంది, అది పెద్ద సాయం. చివర్లో నచ్చిన వస్తువులు చెప్పే భాగం మాత్రం దాటేస్తాను. అవి ఉత్తర అమెరికా బజారుకు సంబంధించినవి.

కోడ్‌ని చెవితో నేర్చుకోలేం, అది మొదటే చెప్పాలి. బస్సులో నాకు దక్కేది పేరు, ఆ పేరు ఏ పనికొస్తుందన్న ఒక ఆనవాలు. అదే సరిపోయిన సందర్భం ఒకటి చెబుతాను. ఒక ఫారంలో ఏదైనా గడి తప్పుగా నింపితే దాని చుట్టూ ఉన్న పెట్టె మొత్తం ఎర్రబడాలి. లోపలున్నదాన్ని బట్టి బయటున్నదాని రూపు మార్చడం ఒకప్పుడు సీఎస్ఎస్‌కి వల్ల కాదు, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాయాల్సిందే. హ్యాజ్ సెలెక్టర్‌తో (ఏ భాగాన్ని మార్చాలో సీఎస్ఎస్‌కి చెప్పే మాటతో) అది కుదురుతుందని అంతకుముందే విని ఉన్నాను, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో లేదు కాబట్టి పక్కన పెట్టాను. 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121తో అదీ వచ్చేసింది. జనవరిలో ఈ పని నా చేతికొచ్చినప్పుడు నలభై లైన్ల పాత స్క్రిప్ట్ తీసేసి మూడు లైన్ల సీఎస్ఎస్ రాశాను. పేరు చెవిన పడి ఉండకపోతే వెతకాలన్న ఆలోచన కూడా వచ్చేది కాదు.

ఇక ప్రొడక్టివిటీ షోలు, అంటే టైం వృథా కాకుండా పని చేసుకోవడం గురించినవి. వీటి విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినం. ఆరు నెలలు వింటే చాలు, ఆ తర్వాత అన్నీ మళ్లీ మళ్లీ అవే పద్ధతులు. ఇరవై ఐదు నిమిషాలు పనిచేసి కాసేపు ఆగే పొమోడోరో, రెండు నిమిషాల్లో అయ్యే పని వెంటనే చేసేయడం, రోజును గడులుగా విడగొట్టుకోవడం. కాల్ న్యూపోర్ట్ చేసే డీప్ క్వశ్చన్స్ వాటిలో నిజాయితీగా ఉంటుంది. ఆయన అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. కానీ ఆయన చెప్పే టైమ్ బ్లాకింగ్ (ఆ గడుల పద్ధతే) చేయాలంటే రోజు మన చేతిలో ఉండాలి. అమెరికా క్లయింట్ కాల్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఉద్యోగంలో ఆ గడులన్నీ చెదిరిపోతాయి. మూడుసార్లు ప్రయత్నించి మానేశాను. పని ముగించేటప్పుడు మిగిలినవన్నీ కాగితం మీద రాసి, రేపు మొదటగా ఏది చేయాలో గీత గీసి, అప్పుడు ల్యాప్‌టాప్ మూయడం మాత్రం ఆయన దగ్గరే తీసుకున్నాను. ఆ అలవాటు వచ్చాక బస్సులో ఆఫీసు పని గుర్తుకురావడం తగ్గింది. అలవాటు ఉంచుకుని షో తీసేశాను.

ఈ కోవలో నిలిచింది కార్టెక్స్ ఒక్కటే. సీజీపీ గ్రే యూట్యూబ్ వీడియోలు చేస్తాడు, మైక్ హర్లీ రిలే ఎఫ్ఎం అనే పాడ్‌కాస్ట్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడు. 2015లో మొదలుపెట్టి, తాము ఎలా పనిచేస్తున్నారో, ఏది బెడిసికొట్టిందో దాపరికం లేకుండా మాట్లాడుకుంటూ వచ్చారు. కొత్త సంవత్సరానికి తీర్మానం బదులు ఒక థీమ్ పెట్టుకోవడం వాళ్ల పద్ధతి. నేను ఒక ఏడాది "ముందు చదువు" అని పెట్టుకున్నాను. టికెట్ (చేయాల్సిన పని వివరం) మొత్తం చదవకుండా కోడ్ రాసే ఎడిటర్ తెరవకూడదు, అంతే. తప్పిన రోజులున్నాయి. తీర్మానమైతే తప్పిన మొదటి రోజే వదిలేసేదాన్ని, థీమ్ కాబట్టి మర్నాడు మళ్లీ అందుకున్నాను. వీళ్లతో చిక్కల్లా యాపిల్ వస్తువుల చర్చ. విండోస్, ఆండ్రాయిడ్ వాడే నాకు ఆ గంటలు దండగ.

వినడానికి వాడేది యాంటెన్నాపాడ్ అనే ఆండ్రాయిడ్ యాప్. ఉచితం, ప్రకటనలు లేవు, ఓపెన్ సోర్స్. అంతకుముందు వాడిన యాప్ మూతపడితే ఓపీఎంఎల్ ఫైలు (నేను వినే షోల జాబితా) తీసుకుని ఇందులో పెట్టాను, షోలన్నీ రెండు నిమిషాల్లో వచ్చేశాయి. రాత్రి ఇంట్లో వైఫై మీద దించుకునేలా పెట్టాను. 128 కేబీపీఎస్‌లో గంట ఎపిసోడ్ 57 ఎంబీ దాకా ఉంటుంది, కాబట్టి విన్నవి వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ కూడా పెట్టుకోండి.

మా పిన్ని కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడు. "అక్కా, ఏవి వినాలి?" అని మొన్న అడిగితే ఆ ఓపీఎంఎల్ ఫైలే వాట్సాప్‌లో పంపాను. ముందు షాప్‌టాక్, వేగం 0.9, విన్న కొత్త పేరు ఒక్కటైనా ఆ సాయంత్రం బ్రౌజర్‌లో రాసి చూడమన్నాను. నిన్న ఫోన్ చేసి, తను చేసిన కాలేజీ ఫెస్ట్ పేజీలో ట్యాబ్ నొక్కితే రిజిస్టర్ బటన్ దగ్గరికే వెళ్లడం లేదని చెప్పింది.