పిట్ మ్యుటేషన్ టెస్టింగ్: చాలాకాలం వాడాక

పరిశోధన పత్రాల్లో ఉండేవి ప్రొడక్షన్‌కి పనికిరావని మా టీములో గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం పోయింది. పోగొట్టింది పిట్: జావా కోడ్‌లో కావాలని చిన్నచిన్న మార్పులు చేసి, మన టెస్టులు వాటిని పట్టుకుంటాయో లేదో చూసే టూల్. జావావాళ్ళకి దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు కాబట్టి, దాని రిపోర్టులో కనిపించే ఒక్క మాట గురించే రాస్తాను: ‘సర్వైవ్డ్’. పిట్ మన కోడ్‌ని కావాలని చెడగొట్టినా టెస్టులన్నీ పాసయ్యాయని దానర్థం.

మా ప్రీమియం లెక్కల మాడ్యూల్లో లైన్ కవరేజ్ (టెస్టులు నడిపించే లైన్ల శాతం) నూటికి నూరు. అందులో సీనియర్ల రేటు కోసం ‘వయసు 60 కన్నా ఎక్కువ’ అనే షరతు ఎప్పటినుంచో ఉంది. పిట్ దాన్ని ‘60 లేదా అంతకన్నా ఎక్కువ’గా మార్చింది. ఒక్క టెస్టూ ఫెయిలవలేదు. సరిగ్గా 60 ఏళ్ళవాళ్ళకి టెస్టే లేదన్నమాట. అదొకటి రాసేద్దామని రూల్స్ డాక్యుమెంట్ తెరిస్తే, ‘60 నిండినవారికి’ అని స్పష్టంగా ఉంది. అంటే పిట్ చెడగొట్టిందనుకున్న కోడే సరైనది, ఇన్నాళ్ళూ నడుస్తున్నదే తప్పు! కోడ్ రివ్యూలకీ క్యూఏ టెస్టర్లకీ చిక్కని బగ్గుని పట్టించిన ఈ ఆలోచన డిమిల్లో, లిప్టన్, సేవార్డ్ అనే పరిశోధకులు 1978లోనే పత్రంగా రాసింది. అది మా బిల్డుదాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టడమే నాకు బాధ.

అయితే మొత్తం ప్రాజెక్టు మీద నడిపితే రాత్రంతా సాగుతుంది. పైగా కొన్ని మ్యుటెంట్లు (పిట్ అలా మార్చిన కోడ్ రూపాలు) ఎన్ని టెస్టులు రాసినా చావవు, అంటే ఏ టెస్టూ వాటిని పట్టుకోలేదు. జవాబు క్యాష్‌లో (ముందే లెక్కగట్టి దాచినచోట) ఉందో లేదో చూసే షరతుని ఎప్పుడూ ‘లేదు’ అనేలా మారిస్తే జవాబు మారదు, పని నెమ్మదిస్తుంది, అంతే. అలాంటివాటిని ఏరుకోవడానికి మనిషి కూర్చోవాల్సిందే. గూగుల్‌లో కూడా కొత్తగా మారిన లైన్లకే మ్యుటెంట్లు పెట్టి రివ్యూలో చూపిస్తారు. మేమూ మారిన ఫైళ్ళకే పరిమితం చేశాక టీములో సణుగుడు తగ్గింది.

ఇక పరిశోధన పత్రాలు పనికిరావన్న నమ్మకం సంగతి: 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 571 సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధన పత్రాల సారాంశాలకి మైక్రోసాఫ్ట్‌లోని 512 మంది రేటింగులిచ్చారు. వాటిలో 71 శాతం ‘అత్యవసరం’ లేదా ‘ఉపయోగకరం’ అనే వచ్చాయి. ఎక్కువ సైటేషన్లున్న (ఇతర పత్రాలు ఎక్కువగా ఉదహరించిన) పత్రాలకే ఎక్కువ మార్కులు పడ్డాయా అంటే, ఆ రెంటికీ పొంతనే లేదు. వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాల్లో ఖర్చుకి తగ్గ లాభం లేదన్నది ఒకటి. పిట్ విషయంలో మా మేనేజర్ అన్నదీ అదే, సగం నిజమే కూడా.

మాది డబ్బు లెక్కల కోడ్, యూనిట్ టెస్టులు క్షణాల్లో అయిపోతాయి, అందుకే మాకు కుదిరింది. ప్రతి టెస్టూ డేటాబేస్‌ని తట్టే ప్రాజెక్టయితే నేనైనా పెట్టమనను. రేట్లూ వయసులూ తేదీల హద్దులూ చూసే మాడ్యూల్ ఒక్కటున్నా, దానివరకు నడిపి చూడండి.