11 ఏళ్లుగా కడుతున్న పాలసీ: ఒక స్టాఫ్ నర్సు సమీక్ష

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక సీనియర్ సిస్టర్ పోరు పడలేక ప్రొఫెషనల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో పొరపాటు చేశామని ఎవరైనా ఫిర్యాదు చేస్తే లాయర్ ఖర్చూ, నష్టపరిహారమూ పాలసీ పరిమితి మేరకు భరించే బీమా) తీసుకున్నాను. ఆసుపత్రికి ఎలాగూ ఉంటుంది కదా, నాకెందుకీ దండగ అని ప్రీమియం కట్టినప్పుడల్లా గొణుక్కునేదాన్ని. ఏడో ఏట ఆ గొణుగుడు ఆగిపోయింది.

నైట్ డ్యూటీలో ఒక పేషెంట్‌కి ఐవీ పెట్టిన చోట మందు నరంలోంచి బయటికి లీకై చెయ్యి వాచింది, చర్మం దెబ్బతింది. నర్సు పట్టించుకోలేదని ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేశారు. మర్నాడు మేనేజ్‌మెంట్ పిలిచి, "ఏం జరిగిందో రాసి సంతకం పెట్టివ్వండి సిస్టర్, మిగతాది మేం చూసుకుంటాం" అంది. పెట్టేసేదాన్నే. ఎందుకో ముందు పాలసీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. మా లాయర్ చూడకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు, ఛార్టులో ఒక్క అక్షరం కూడా ఇప్పుడు కొత్తగా చేర్చొద్దు అన్నారు. ఆసుపత్రి లాయర్ ఆసుపత్రి మనిషి. "సిస్టర్ ప్రొటోకాల్ పాటించలేదు" అనడమే వాళ్లకు కలిసొచ్చే వాదనైతే, నా తరఫున మాట్లాడేదెవరు? అప్పటిదాకా నాకు ఈ ఆలోచనే రాలేదు.

కోర్టు కేసు కాలేదు కానీ నర్సింగ్ కౌన్సిల్ విచారణ 14 నెలలు సాగింది. రిజిస్ట్రేషన్ పోతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. గంటగంటకీ ఐవీ సైట్ చూసినట్టు ఛార్టులో ఉండబట్టి బయటపడ్డాను. నిజం చెప్పాలంటే లాయర్ ఎంత కాపాడాడో ఆ రాతా అంతే కాపాడింది.

ఇక లోపాలు. పాలసీ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం నష్టపరిహారం క్లెయిములకు. కౌన్సిల్ విచారణకు వేరే పరిమితి, అదీ చాలా చిన్నది. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు. చివరి రెండు హియరింగులకు లాయర్ ఫీజు నా జేబులోంచే కట్టాను. కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే ప్రతిసారీ నేనే ఫోన్ చేయాలి.

నాది 'క్లెయిమ్స్ మేడ్' రకం. పొరపాటు జరిగిన రోజు పాలసీ ఉంటే సరిపోదు, ఫిర్యాదు వచ్చిన రోజూ నడుస్తుండాలి. చవకగా వస్తోందని ఒకసారి వేరే కంపెనీకి మారబోయాను. కొత్త పాలసీలో రెట్రోయాక్టివ్ తేదీ, అంటే ఏ రోజు నుంచి చేసిన పనికి రక్షణ వర్తిస్తుందో ఆ తేదీ, నేను కంపెనీ మారిన రోజేనని చూసి ఆగిపోయాను. మారి ఉంటే వెనకటి ఏళ్ల పనికి ఏ రక్షణా ఉండేది కాదు. ఉద్యోగం మానేసేవాళ్లు కూడా 'టెయిల్ కవర్' (పాలసీ ఆగాక, పాత పనిమీద వచ్చే ఫిర్యాదులకు రక్షణ) సంగతి అడిగి తీరాలి. 'అకరెన్స్' రకానికి ఈ బెడద లేదు, పొరపాటు జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు; ప్రీమియం మాత్రం సాధారణంగా ఎక్కువ.

నచ్చినది ఒకటుంది: నా అనుమతి లేకుండా కంపెనీ రాజీ కుదుర్చుకోకూడదన్న షరతు. అన్ని పాలసీల్లోనూ ఇది ఉండదు. డ్యూటీ బయట చేసినవాటికి నా పాలసీ వర్తించదని తెలిశాక, మొహమాటానికి పక్కింటివాళ్లకు ఇంజెక్షన్లు చేయడం మానేశాను. ఇద్దరు ముగ్గురు అలిగారు కూడా.

వచ్చే నెల రెన్యువల్. కౌన్సిల్ విచారణ పరిమితి పెంచమని అడిగాను. ప్రీమియం పెరుగుతుందన్నారు. పెరగనీ.