సెకండ్ లైన్ బీచ్‌లో అథో బాగుంది, మొహింగాతోనే పేచీ

బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం 1964లో దుకాణాలను జాతీయం చేసిన తరువాత రంగూన్ విడిచి ఓడలో విశాఖపట్నం చేరిన కుటుంబం మాది. అందుచేత నా చిన్నతనంలో ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉడికేది ఉప్మా కాదు, మొహింగా, అంటే చేపల పులుసు పోసిన బర్మా నూడుల్స్. అలాగే బర్మా నుంచి తిరిగివచ్చిన తమిళుల కోసం చెన్నైలో 1969లో వెలసిన బర్మా బజారుకు దగ్గరగా, సెకండ్ లైన్ బీచ్ రోడ్డు మీద నిలిచే అథో బండ్ల గురించి ఎంతోకాలంగా విని, పోయిన నెల ఒక బండి దగ్గర వరుసగా రెండు సాయంత్రాలు తిన్నాను.

బర్మా భాషలో చేత్తో కలిపినదానికి అథో అని పేరు. నారింజ రంగు లావుపాటి నూడుల్స్‌లో సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు రసం, ఎండుమిరప కారం, వెల్లుల్లి నూనె వేసి, కరకరలాడే బేజో అనే నూనెలో వేయించిన అప్పచ్చిని నలిపి చల్లి, బండి ఆయన చేత్తోనే కలిపి ఇచ్చారు. పులుపూ కారమూ చక్కగా కుదిరాయి. బేజో మెత్తబడకముందే తినాలి కనుక పొట్లం కట్టించుకోవడం దండగ (మొదటిరోజు నేను చేసిన పని అదే). ఉడికించిన గుడ్డును చీల్చి, వేయించిన ఉల్లిపాయ కూరి ఇచ్చేదాన్ని మాత్రం తప్పక అడగండి.

మొహింగా నిరాశపరిచింది. అరటి దూట మెత్తగా ఉడికింది గాని, పులుసులో చేప జాడే లేదు. మా నాయనమ్మ జెల్లలను పసుపు, నిమ్మగడ్డి వేసి ఉడికించి, ముళ్లు ఏరి, మెదిపి, వేయించిన సెనగపిండితో పులుసును చిక్కబరిచేది. పక్కన ఆనపకాయ బజ్జీలు ఉండేవి. ఇక్కడ పోసింది పల్చటి చారు. శాకాహారులకు అది నచ్చవచ్చు, కాని దానిని మొహింగా అనడం సబబు కాదు.

గోంగూర, ఎండు రొయ్యలు, వెదురు కొమ్ముల వేపుడు దొరుకుతుందా అని అడిగాను. గోంగూర ఉన్నందువల్ల అది అచ్చంగా మన వంటే అనుకుని పెరిగినదాన్ని. బర్మా ఇళ్లలోనూ రోజువారీ కూరేనని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో వారానికోసారి చేసుకుంటామని, బండి మీద పెడితే కొనేవారు ఉండరని ఆయన అన్నారు. పెడితే మూడోసారి వెళ్తాను.